వేగానికి కట్టే దుడ్లు

రాబర్ట్‌సన్‌పేట,
కె.జి.ఎఫ్.

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీర్వదించి రాసేది.

కోలారు దగ్గర తమకలో నీకు రూము కుదిరిందని, ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ బాగానే ఉందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మొన్న ఫోనులో నువ్వు ఒక మాట అడిగావు. "అత్తా, ముప్పై ఏడేళ్ళు పోస్టాఫీసులో పార్సిళ్ళ మధ్య కూర్చున్నదానివి, ఈ ఆన్‌లైన్ అంగడి వాళ్ళ మెంబర్‌షిప్పు కట్టమంటావా, వద్దా?" అన్నావు. సరుకు తొందరగా వస్తుంది, డెలివరీ చార్జి ఉండదు, ఏడాదికి 1,499 రూపాయలు, అంతే కదా అన్నావు. నాకు అప్పుడే జవాబు చెప్పబుద్ధి కాలేదు. నీ చేతికి వచ్చిన మొదటి జీతాలు ఇవి. అందుకే నీ ఆర్డర్ల లెక్క పంపమన్నాను.

పంపిన లెక్క కాగితం మీద వేసుకుని చూశాను. పోయిన పన్నెండు నెలల్లో 31 ఆర్డర్లు పెట్టావు. అందులో 19 ఆర్డర్లకు నువ్వు డెలివరీ చార్జి కట్టనే లేదు, ఎందుకంటే అవి 499 రూపాయల హద్దు దాటాయి. తక్కిన 12 ఆర్డర్లకు తలా 40 చొప్పున 480 రూపాయలు పోయాయి. అంటే మెంబర్‌షిప్పు ఉండి ఉంటే నీకు మిగిలేది 480. దానికోసం 1,499 కట్టాలి. ఈ లెక్కన చిన్న ఆర్డర్లు ఏడాదికి 38 పెడితే గానీ కట్టిన దుడ్లు తిరిగి రావు. నెలకు మూడుకు పైమాటే.

ఆ పన్నెండింటినీ తేదీలతో చూస్తే నాకు మనసు కలుక్కుమంది. ఫిబ్రవరి 3న సాక్సులు, 5న ఫోను కవరు, 6న బ్లేడ్లు. నాలుగు రోజుల్లో మూడు పొట్లాలు, మూడు నలభైలు. ఆ మూడూ ఒక్కసారే తెప్పించుకుని ఉంటే హద్దు దాటేది, ఒక్క రూపాయి చార్జి పడేది కాదు. అలాంటివి పన్నెండింటిలో ఎనిమిది ఉన్నాయి. అవి తీసేస్తే నువ్వు నిజంగా కట్టాల్సి వచ్చిన చార్జి ఏడాదంతా కలిపి 160 రూపాయలు.

మీ తాత చాంపియన్ రీఫ్ గనిలో పని చేసే రోజుల్లో మా ఇంట్లో నెలకు ఒక్కటే చీటీ. బ్యాళ్ళు, రాగులు, చింతపండు, సోపు, అగ్గిపెట్టెలు, దీపానికి కిరసనాయిలు అన్నీ మా అమ్మ నోటితో చెబుతుంటే మీ నాన్నో నేనో రాసేవాళ్ళం. నెల మధ్యలో ఏదైనా గుర్తొస్తే గోడకు తగిలించిన క్యాలెండరు వెనక రాసిపెట్టేవాళ్ళం. జీతం వచ్చాక చూసుకుంటే అందులో సగం కొట్టేసేవాళ్ళం, ఎందుకంటే అప్పటికి అవి అక్కర్లేకుండా పోయేవి. నీ ఫోనులో కార్టు ఉంది చూడు, దాన్ని ఆ క్యాలెండరు వెనక పేజీలా వాడుకో. వస్తువు వేసి పెట్టు. ఆదివారం ఒక్కసారే తెరిచి, ఉంచేది ఉంచి, తీసేది తీసి, అప్పుడు ఆర్డరు పెట్టు.

ఇక వేగం సంగతి. పోస్టాఫీసులో నాకు బాగా తెలిసింది అదే.

1986 ఆగస్టు 1న మన దేశంలో స్పీడ్ పోస్టు మొదలైంది. అది మా కౌంటరుకు వచ్చాక జనం దాన్ని ఎలా వాడుకున్నారో నా కళ్ళతో చూశాను. ఉద్యోగం దరఖాస్తుకు రేపే ఆఖరు తేదీ అయితే స్పీడ్ పోస్టు. కోర్టు కాగితం అయితే రిజిస్టర్ పోస్టు. పెళ్ళి పత్రికలు బుక్ పోస్టు. అత్తగారింట్లో ఉన్న కూతురికి క్షేమ సమాచారం పావలా కార్డు. ఒకే మనిషి ఒకే రోజు ఆ నాలుగూ తెచ్చి ఇచ్చేవాడు. ఏ కాగితానికి ఎంత తొందరో గనిలో మట్టి తవ్వే మనిషికి, సంతకం బదులు వేలిముద్ర వేసే మనిషికి కూడా తెలుసు. తొందర ఉన్నదానికి ఎక్కువ కట్టేవాడు, లేనిదానికి కట్టేవాడు కాదు. (2025లో రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.)

మెంబర్‌షిప్పు ఈ వివేచననే మన చేతిలోంచి తీసుకుంటుంది అల్లుడా. ఏడాదిలో నువ్వు కొనబోయే వస్తువులన్నిటికీ, ఇంకా ఏం కొంటావో నీకే తెలియకముందే, వేగం ధర ముందుగా కట్టించుకుంటుంది. సాక్సులకూ కట్టినట్టే, మందుకూ కట్టినట్టే. వేగానికి దుడ్లు పెట్టడం తప్పని నేననను. ఏ వస్తువుకు ఆ వస్తువుకు, అవసరం వచ్చినప్పుడు కట్టమంటాను.

మన కోలారు టమాటానే చూడు. రాత్రి డ్యూటీ దిగి హైవే మీదికి వచ్చినప్పుడు ఉత్తరాదికి పోయే టమాట లారీలు నీకు కనబడతాయి. మన మార్కెట్టు ఆసియాలోనే పెద్ద టమాట మార్కెట్లలో ఒకటి. ఆ లారీ ఒక రోజు ఆలస్యమైతే కింది పెట్టెల్లో కాయ నలిగి నీరు కారుతుంది, రైతు కష్టం మట్టిలో కలుస్తుంది. అక్కడ వేగానికి ఎంత కట్టినా న్యాయమే. నువ్వు తెప్పించిన టీషర్టు నాలుగో రోజు వచ్చినా రెండో రోజు వచ్చినా అదే టీషర్టు.

పైగా నువ్వుండేది ఎక్కడ? తమక ఏమైనా అడవిలో ఉందా? బెంగళూరు నుంచి చెన్నై వైపు పోయే జాతీయ రహదారి 75 పక్కన. వైద్య కళాశాల, దాని ఆసుపత్రి, తోటల కాలేజీ, ఇండస్ట్రియల్ ఏరియా అన్నీ ఆ కాస్త దూరంలోనే. హోస్కోటె, మాలూరు చుట్టూ ఆన్‌లైన్ సరుకుల గోదాములు ఎన్ని లేచాయో బస్సులో పోతూ నువ్వే చూశావు. మెంబర్‌షిప్పు లేకుండా నువ్వు పెట్టిన ఆర్డర్లు ఎన్ని రోజుల్లో వచ్చాయో కూడా నీ లెక్కలో ఉంది. చాలావరకు మూడు నాలుగు రోజులు. కట్టాక ఒకటి రెండు రోజులు తగ్గొచ్చు. ఆ తగ్గిన రోజు నువ్వు డ్యూటీలో ఉంటావు, పొట్లం గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల కింద పడి ఉంటుంది, నువ్వు దాన్ని తీసుకునేది మర్నాడే. మరీ అత్యవసరమైతే నాలుగైదు కిలోమీటర్లలో కోలారు బజారు ఉంది. క్లాక్ టవరు దగ్గర దిగితే సాక్సులు, బ్లేడ్లు పది నిమిషాల్లో చేతిలో ఉంటాయి. చేత్తో పట్టుకుని చూసి కొంటావు కూడా.

ఆలస్యంలో ఒక మేలు కూడా ఉంది. నా చిన్నప్పటి నుంచీ వి.పి.పి. ఉండేది. 1877 నుంచి ఉన్న ఏర్పాటు అది. మద్రాసు నుంచో విజయవాడ నుంచో పుస్తకం, వాచీ, చీర తెప్పించుకుంటే పోస్టుమాన్‌కు దుడ్లిచ్చి విడిపించుకోవాలి. ఇప్పుడు మీరు క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది దాని మనవడే. ఇంటి దగ్గర దుడ్లు లేకపోతే పార్సిలు మా దగ్గర ఏడు రోజులు ఉండేది. ఆ ఏడు రోజుల్లో కొందరు అప్పు చేసైనా వచ్చి తీసుకునేవాళ్ళు, వాళ్ళకది నిజంగా కావాలి. కొందరు వచ్చి, కౌంటరు అవతల నిలబడి, అట్టపెట్టె వంక చూసి, "వెనక్కి పంపేయమ్మా, ఇప్పుడు వద్దులే" అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళు ఒక్కరైనా తర్వాత బాధపడగా నేను చూడలేదు. పొద్దున అడిగింది సాయంత్రం వాకిట్లో దిగితే ఆ ఆలోచనకు వ్యవధి ఎక్కడిది నాయనా?

కంపెనీ వైపు నుంచి కూడా ఒకసారి చూడు. అమెజాన్ ఈ ప్రైమ్ మెంబర్‌షిప్పును అమెరికాలో 2005 ఫిబ్రవరిలో ఏడాదికి 79 డాలర్లతో మొదలుపెట్టింది. మన దేశానికి 2016 జులైలో తెచ్చినప్పుడు ఏడాదికి 499 రూపాయలు. తర్వాత 999. 2021 డిసెంబరు నుంచి 1,499. ఐదున్నర ఏళ్ళలో మూడింతలు. నెలకు కడితే 299, అంటే ఏడాదికి 3,588. మూడు నెలలకు 599 అంటే ఏడాదికి 2,396. తక్కువ రకాలు కూడా ఉన్నాయి. లైట్ అని 799కి, ఒట్టి షాపింగుకే అని 399కి. 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకు సగం వెనక్కిచ్చే ఏర్పాటూ పెట్టారు. నీకు 23, నీకు వర్తిస్తుంది. కానీ ఆ సగం నీ మీద ప్రేమతో కాదు. ఈ వయసులో పట్టిన అలవాటు నలభై ఏళ్ళు నిలుస్తుందని వాళ్ళకు తెలుసు. ముందే కట్టేశాం గనక ఇక్కడే కొందాం, ఎక్కువ కొంటే కట్టింది గిట్టుబాటవుతుంది అనే ఆలోచన మనిషికి తెలియకుండానే వస్తుంది. పక్క అంగడిలో ధర ఎంతో అడగడం మానేస్తాడు. 1,499 కంటే నాకు ఆ మానేయడం ఎక్కువ భయం.

399 రకం సంగతి నువ్వు అడుగుతావని తెలుసు. నీ 480తో పోలిస్తే 81 రూపాయలు మిగులుతాయి, నిజమే. కానీ నేను చెప్పినట్టు ఆర్డర్లు కలిపి పెడితే నీకు పడేది 160. అప్పుడు 399 కూడా దండుగే.

సినిమాలు వస్తాయి కదా అంటావు. ఆ మాట వేరుగా తేల్చుకో. నువ్వు నిజంగా కూర్చుని చూస్తావా? చూస్తే అది వినోదం ఖర్చు, ఆ పద్దులో రాసుకో. 2025 జూన్ నుంచి ఆ సినిమాల మధ్య ప్రకటనలు కూడా వస్తున్నాయి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. రాత్రి డ్యూటీలు చేసేవాడివి, నువ్వు చూసే సినిమాల కంటే నీకు నిద్ర ముఖ్యం.

నాకు జరిగింది కూడా చెప్పాలి. రిటైరైన కొత్తలో ఒక కంపెనీ వాళ్ళు నెల రోజులు ఉచితం అంటే చేరాను. కార్డు నంబరు అడిగారు, ఇచ్చాను. నెల తర్వాత ఏడాది చందా ఖాతాలోంచి పోయింది. మానేద్దామని వెతికితే ఆ మీట ఎక్కడుందో దొరకలేదు. పింఛను దుడ్లు. మీ మామకు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడ్డాను. మా కౌంటరులో రసీదు ఇవ్వకుండా ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకున్నదాన్ని కాదు, అందుకేనేమో ఇప్పటికీ ఆ సంగతి గుచ్చుకుంటుంది. ఇలాంటిది నా ఒక్కదానికే జరగలేదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జనాన్ని వాళ్ళ ఒప్పుకోలు సరిగా లేకుండా ప్రైమ్‌లో చేర్చారని, బయటపడడం కష్టం చేశారని 2023లో అమెజాన్ మీద దావా వేసింది. అది 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. మన దేశంలోనూ 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల మాయలను నిషేధించింది, చందా ఉచ్చు అందులో ఒకటి. కార్డు మీద ప్రతిసారీ దానంతటదే కట్ అయ్యే దుడ్లకు 24 గంటల ముందు సమాచారం పంపాలని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి నియమం పెట్టింది. ఆ మెసేజీని చదవకుండా తోసేయకు. మోసం జరిగితే వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కు ఫోన్ చెయ్యి.

ఎవరికీ పనికిరాదని నేననడం లేదు. మా వీధిలో ఒక ఇంట్లో కవల పిల్లలు. తల్లి బెంగళూరులో ఉద్యోగం, మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి రాత్రికి తిరిగొస్తుంది. డైపర్లు, పాలపొడి, తుడుపు గుడ్డలు వారానికి ఒకటి రెండు సార్లు కావాలి, అంగడికి పోయే మనిషి లేడు. ఆమె లెక్క వేసి చూపించాను, ఏడాదికి 90 చిన్న ఆర్డర్లు. కట్టమని నేనే చెప్పాను. నీకు రేపు పెళ్ళై బిడ్డ పుడితే అప్పుడు మళ్ళీ లెక్క పంపు.

ఇంకొక్కటి. నీ పొట్లం తెచ్చే కుర్రాడు మా పోస్టుమాన్ లాంటివాడే. మా పోస్టుమాన్‌కు యూనిఫారం ఉండేది, సెలవు ఉండేది, నాకొచ్చినట్టే పింఛను వచ్చింది. ఈ కుర్రాడికి బండి అతనిదే, పెట్రోలు అతనిదే, ఎండ కూడా అతనిదే. వాళ్ళ సంక్షేమానికి 2025లో కర్ణాటక ప్రభుత్వం చట్టం చేసింది, మంచి పని. సాక్సులకు ఒకసారి, బ్లేడ్లకు ఒకసారి అతన్ని నీ మూడో అంతస్తు ఎక్కించకు. వచ్చినప్పుడు నీళ్ళివ్వు.

అసలు పని మరిచాను. ముళబాగిలులో మీ అమ్మ బీపీ మిషను పని చేయడం లేదట, పట్టీలోంచి గాలి పోతోందని నిన్న చెప్పింది. నీకు చెప్పలేదు, చెబితే నువ్వు కంగారు పడతావని. ఈ ఉత్తరం అందిన రోజే మంచిది చూసి ఆర్డరు పెట్టు, రేపటికి వచ్చే రకం ఉంటే దానికి అడిగినంత కట్టు, ఆలోచించకు. అడ్రసు ముళబాగిలు ఇంటిది పెట్టు, తమకది కాదు. పిన్‌కోడు 563131, కోలారు 563101 వేసేవు, పొట్లం వెనక్కి తిరిగి నాలుగు రోజులు పోతాయి.

ఇట్లు
మీ అత్త