చాకు రూములనే పెట్టి పో, తమ్మీ

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు నుంచి చదువులకని ఇంగ్లండ్ వచ్చే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఈ నాలుగు ముచ్చట్లు. బియ్యం, పప్పు, చింతపండు ఇక్కడ దొరుకుతయి, మోసుకురావద్దు. లండన్‌ల బస్సెక్కంగనే కార్డు తాకిస్తే చాలు. చలికి మంచి కోటు ఒక్కటి కొనుక్కో. అయిపోయింది.

ఇగ అసలు సంగతి, జేబుల చాకు. నవ్వకు. మొన్న కొత్తగ వచ్చిన పిలగాని తాళంచెవుల గుత్తికి మళ్లీ అదే వేలాడుతుంటే నాకు ఒళ్లు మండింది.

1988 నాటి చట్టం ప్రకారం మడత చాకు పదును మూడంగుళాలు దాటకుంటే, కారణం చెప్పకుండానే వెంట పెట్టుకోవచ్చు. అయితే అది ఎప్పుడంటే అప్పుడు వేలితో నెడితే మూసుకోవాలె. తెరిచినంక టక్కున బిగుసుకొని, మీట నొక్కితే గానీ మూసుకోనిదైతే, రెండంగుళాలదైనా మడత చాకు కిందికి రాదని ఇక్కడి కోర్టులే తేల్చినయి. నేను వేములవాడల గుడి ముంగట కొన్నది సరిగ్గ అసొంటిదే. పార్కుల మామిడికాయ కోసి సంచిల పడేసిన. తెల్లారి స్టేషన్‌ల పోలీసులు సంచి వెతికిన్రు. “మామిడికాయ కోసుకోను” అన్న. “మరి కాయేది?” అన్నడు. కాయ లేదు, చాకే ఉంది! సంచిల ఉన్నది మర్చిపోయిన్నంటే ఆ ఒక్క మాటతోని బయటపడవు. దొంగల భయానికి పెట్టుకున్ననంటివా, నీ గోతి నువ్వే తవ్వుకున్నట్టు. నాలుగేండ్ల దాక జైలు శిక్ష ఉంది. శిక్ష పడితే వీసా ఫారంల రాయాల్సిందే. అమ్మానాయిన అప్పుజేసి పంపింది ఇందుకా?

మన ఊళ్లె గౌడన్న నడుముకు గీత కత్తితోనే బజార్ల నడుస్తడు, ఎవరూ తిరిగి సూడరు. ఆయన ముంజ కొట్టిచ్చేటప్పుడు ఆ కత్తి మొన కంటి అంచు దాక పోయి, నీళ్లు ఒలకకుండ ఆగుతుండె. ఎండకాలం వస్తే ఇప్పటికీ బొటనవేలు ఆ మెత్తని కన్నును వెతుక్కుంటది. మన ఆయుధాల చట్టం తొమ్మిదంగుళాలు దాటిన పొడుగుకో, రెండంగుళాలు దాటిన వెడల్పుకో లైసెన్సు అడుగుతది. అదీ వంటకు, ఎవుసానికి చేసినవి కాకపోతేనే. ఆ లెక్క ఇక్కడ చెప్పకు.

మళ్లీ చెప్తున్న: మీట నొక్కి మూసేది వెంట వద్దు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేదైతే అసలే తేవద్దు. 2021 నుంచి అది ఇంట్ల పెట్టుకున్నా నేరమే. చెక్-ఇన్ సామానుల రానిచ్చిన్రు కదా అని వాదించకు, విమానం వాళ్ల లెక్క వేరు.

కూరగాయల కత్తి దుకాణంల కొను. పద్దెనిమిది నిండినట్టు కార్డు అడుగుతరు, చూపించు. ప్యాకెట్ చింపకుండ, రసీదు దగ్గర పెట్టుకొని సీదా రూముకు పో. నడుమల దోస్తు దగ్గర ఆగి ముచ్చట్లు పెట్టకు.