మెదక్ నుంచి ఇమ్యునాలజీ చదవాలంటే ఎలా?

నీట్‌లో ర్యాంకు రాలేదని బైపీసీ పిల్లలు చాలామంది జీవశాస్త్రాన్నే వదిలేస్తున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసులో ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థ కీళ్లను దెబ్బతీసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు నేటికీ ఆ మందే వాడుతున్నారు. కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టండి.

1. ఇంటర్ పుస్తకం తీయండి. ఇమ్యునాలజీ అంటే రోగనిరోధక వ్యవస్థ అధ్యయనమే, సెకండియర్ జువాలజీలో ఆ వ్యవస్థ గురించి పాఠం ఉంది. బి కణాలు, టి కణాలు, యాంటిజెన్, యాంటీబాడీ ఏం చేస్తాయో పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పగలగాలి.

2. ఒక్క జబ్బును లోతుగా చదవండి. వానాకాలంలో మనందరికీ తెలిసిన డెంగీనే తీసుకోండి. రిపోర్టులో ఎన్‌ఎస్1 అంటే వైరస్ ప్రోటీన్, జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎం మన శరీరం తయారుచేసే యాంటీబాడీ, కనిపించడానికి సుమారు నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే రక్తం ఏ రోజు తీశారన్నది ముఖ్యం. డెంగీ వైరస్‌లు 4 రకాలు. ఒకటి తగ్గాక మరో రకం సోకితే, పాత యాంటీబాడీలు దాన్ని ఆపలేకపోగా కణాల్లోకి చేరడానికి తోడ్పడవచ్చు. రెండోసారి డెంగీ కొందరిలో ముదరడానికి ఇదో కారణం.

3. డిగ్రీకి ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో నమోదు చేసుకోండి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలకు ముందు ఆప్షన్లు ఇవ్వండి. దొరక్కపోతే జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న కోర్సులో చేరినా దారి మూసుకుపోదు.

4. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టకండి. బ్లడ్ గ్రూప్ పరీక్షలో ఎర్ర రక్తకణాలు గుంపుకట్టేది యాంటీబాడీల వల్లే. కళ్లతో చూసింది మరచిపోరు.

5. ఇంగ్లిష్ పుస్తకానికి అలవాటు పడండి. క్యూబీ ‘ఇమ్యునాలజీ’ లైబ్రరీలో దొరికితే రోజుకు ఒక పేజీ చదివి, బొమ్మ మీరే గీయండి.

6. పీజీకి సిద్ధమవండి. రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా కోర్సులకు సీయూఈటీ పీజీ రాయాలి. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే, పీహెచ్‌డీలో మొదట నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. ఇంటికి భారం కాకుండా పరిశోధన చేయవచ్చు.

జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, కొవిడ్ టీకా కొవాగ్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ మనకు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అక్కడి ల్యాబుల్లో మెదక్ పిల్లలూ పనిచేయాలి.