గ్రామమునకు చేరువలోని ఉన్నత పాఠశాల: చదువు, విద్యార్థులకు లభించు సహాయము

మన రాష్ట్రములలో పెద్ద గ్రామములందును, మండల కేంద్రములందును జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలు గలవు. చుట్టుప్రక్కల పల్లెలనుండి బాలబాలికలు కాలినడకను, సైకిళ్లమీదను, బస్సులలోను వచ్చి వీటిలో చదువుకొనుచున్నారు. పెద్ద పాఠశాలలలో విద్యార్థుల సంఖ్య అనేక వందలుండును. ఇట్టి చోట తన బిడ్డకు ఏమి బోధించుచున్నారో, చదువులో వెనుకబడిన బిడ్డకు ఏ సహాయము లభించునో తెలిసికొనుట ప్రతి తల్లిదండ్రుల కర్తవ్యము. తెలియకపోవుటవలననే అనేకులు తమకు రావలసిన సహాయమును పోగొట్టుకొనుచున్నారు.

పాఠశాల పూర్వ చరిత్ర

కోస్తా, రాయలసీమ జిల్లాలలో వృద్ధులు నేటికిని ఈ పాఠశాలను 'బోర్డు హైస్కూలు' అని పిలుచుట కలదు. పూర్వము వీటిని జిల్లా బోర్డులు నడిపెడివి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చిన పిమ్మట ఇవి జిల్లా పరిషత్తుల ఆధీనములోనికి వచ్చినవి. ఆ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరులో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మన రాష్ట్రమున పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. పాఠశాల పేరులో 'పరిషత్తు' అను మాట ఉండుటకు కారణమిదియే. ఇది ప్రజల ధనముతో, ప్రజల కొరకు నడచు పాఠశాల.

ఏమి బోధింతురు?

ఉన్నత పాఠశాలలో సాధారణముగా 6వ తరగతి మొదలు 10వ తరగతివరకు గలదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అను మూడు భాషలతోపాటు గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము బోధింతురు. వీటికి తోడు వ్యాయామము, ఆటలు ఉండును. కొన్ని పాఠశాలలలో స్కౌటు దళములు, ఎన్.సి.సి. దళములు గలవు.

ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్ని పాఠములను చెప్పుదురు. ఇచ్చట ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు వచ్చును. కావున 6వ తరగతిలో చేరిన బిడ్డకు మొదటి కొన్ని మాసములు కొత్తగా ఉండుట సహజము. భాగహారము, భిన్నములు సరిగా రాని బిడ్డకు 8వ తరగతిలోని బీజగణితము అర్థము కాదు. అర్థము కానివాడు తరగతిలో మౌనముగా కూర్చుండును. పిమ్మట బడికి రాకుండును. తుదకు చదువు మానివేయును. మానివేసిన దినమున మనము గమనింతుము గాని, వెనుకబాటు అంతకు రెండు మూడేండ్లకు పూర్వమే ఆరంభమైనది.

దీనికి నివారణ కలదు. పరీక్షల పిమ్మట ఇచ్చు ప్రగతి పత్రమును తల్లిదండ్రులు తప్పక చూడవలెను. చదువురానివారైనను దానిని ఉపాధ్యాయునివద్దకు తీసికొనిపోయి, 'మా బిడ్డ ఏ విషయములో వెనుకబడినాడు? ఏమి చేయవలెను?' అని రెండు ప్రశ్నలు అడిగిన చాలును. 10వ తరగతి విద్యార్థులకు పబ్లిక్ పరీక్షలకు పూర్వము ప్రత్యేక తరగతులు జరుపుట అనేక పాఠశాలలలో ఆచారముగా ఉన్నది. బిడ్డను పొలము పనులకు, శుభకార్యములకు పంపక ఆ తరగతులకు పంపవలెను.

భోజనము, పుస్తకములు

ఆకలితోనున్న బిడ్డకు పాఠము తలకెక్కదు. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశము ననుసరించి మన ప్రాంతమున 2003 జనవరినుండి ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టుట ఆరంభమైనది. 2008లో ఉన్నత పాఠశాల తరగతులకును ఇది విస్తరించినది. 6 మొదలు 8వ తరగతివరకు గల బిడ్డకు దినమునకు 150 గ్రాముల ధాన్యము, 700 కేలరీల శక్తి, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని నియమము. వంట శుభ్రముగా ఉన్నదా, కొలత సరిపోవుచున్నదా అని తల్లులు వంతులవారీగా పోయి చూచుట మంచిది. పాఠ్యపుస్తకములు, ఏకరూప దుస్తులు కూడ ఉచితముగా ఇచ్చుచున్నారు.

48,000 రూపాయల పరీక్ష

మిక్కిలి ఉపయోగకరమైనదైనను గ్రామములలో తక్కువమందికి తెలిసిన సహాయము జాతీయ ప్రతిభా ఉపకార వేతనము. దీనిని కేంద్రప్రభుత్వము 2008లో ప్రవేశపెట్టినది. 8వ తరగతి చదువుచున్నప్పుడు ఒక పరీక్ష వ్రాయవలెను. ఎన్నికైనవారికి 9వ తరగతి మొదలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమువరకు ఏటా రూ. 12,000 లభించును. నాలుగేండ్లకు మొత్తము రూ. 48,000.

దీనికి అర్హతలు ఇవి: బిడ్డ ప్రభుత్వ, స్థానిక సంస్థల, లేక ఎయిడెడ్ పాఠశాలలో చదువుచుండవలెను. 7వ తరగతిలో 55 శాతము మార్కులు ఉండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు 50 శాతము చాలును. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షల రూపాయలకు మించరాదు. పరీక్షలో రెండు భాగములుండును. ఒకటి ఆలోచనాశక్తిని, రెండవది పాఠముల జ్ఞానమును పరీక్షించును. ఒక్కొక్క దానికి 90 ప్రశ్నలు, 90 నిమిషములు.

ఇందులో రెండు జాగ్రత్తలు ముఖ్యము. ఎన్నికైన పిమ్మట ప్రతి సంవత్సరము దరఖాస్తును పునరుద్ధరించుకొనవలెను. మరచినచో ఆ సంవత్సరపు ధనము పోవును. 10వ తరగతి పిమ్మట ఎయిడు లేని ప్రైవేటు కళాశాలలో చేరినచో ఈ వేతనము నిలిచిపోవును. కళాశాలను ఎన్నుకొనుటకు ముందే ఈ సంగతి ఆలోచింపవలెను. ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా ముందుగానే సిద్ధము చేసికొనినచో చివరి దినమున కార్యాలయముల చుట్టు తిరుగ పని లేదు.

పదునాలుగేండ్లు నిండిన పిమ్మట

2009 విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవరకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది. బదిలీ పత్రము ఆలస్యమైనదను కారణముతో ఆ వయస్సు బిడ్డను చేర్చుకొనుటకు నిరాకరింపరాదు. మధ్యలో చదువు మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెను. బిడ్డను కొట్టుట, మనస్సు నొప్పించుట ఈ చట్టము ప్రకారము నిషిద్ధము.

అయితే 14 ఏండ్లు నిండుసరికి బిడ్డ సాధారణముగా 9వ తరగతిలో ఉండును. ఆ పిమ్మట చట్టముకంటె తల్లిదండ్రుల సంకల్పమే ముఖ్యము. ప్రభుత్వ పాఠశాలలో ఆ తరగతులకును ఫీజు లేదు. అయినను కొడుకును కూలికి, కూతురును పెండ్లికి పంపు ఆలోచన ఈ వయస్సుననే మొదలగును. 18 ఏండ్లు నిండక ఆడపిల్లకు పెండ్లి చేయుట 2006 చట్టము ప్రకారము నేరము. ఆపదలోనున్న బిడ్డకొరకు 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. అంగవైకల్యము గల బిడ్డలకు 2016 చట్టము 18 ఏండ్లవరకు ఉచిత విద్యాహక్కు కల్పించినది. పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు మున్నగు సౌకర్యములు గలవు. ప్రధానోపాధ్యాయునికి ముందుగా తెలుపవలెను.

పరీక్ష తప్పినచో

10వ తరగతిలో ఒకటి రెండు విషయములలో తప్పినంతమాత్రమున సంవత్సరము వ్యర్థము కాదు. ఆ వేసవిలోనే అనుబంధ పరీక్షలు జరుగును. వాటిలో ఉత్తీర్ణుడైనవాడు ఆ ఏడే పై చదువులో చేరవచ్చును. బడి మానినవారికి సార్వత్రిక పాఠశాల ద్వారా 10వ తరగతి పరీక్ష వ్రాయు మార్గము కలదు. ఫలితముల దినమున బిడ్డను నిందింపక, ఈ మాట ధైర్యముగా చెప్పవలెను. ఆ దినమున ఇంటిలోని ఒక్క మంచి మాట మిక్కిలి విలువైనది.

ఉత్తీర్ణులకు మార్గము లనేకము. ఇంటర్మీడియట్ ఒకటి. ప్రవేశపరీక్ష వ్రాసి పాలిటెక్నిక్కులో డిప్లొమా చదువవచ్చును. ఐ.టి.ఐ.లో వృత్తి నేర్వవచ్చును. బాసర, నూజివీడు మున్నగు చోట్ల గల రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయములలో 10వ తరగతి మార్కుల ఆధారముగా ఆరేండ్ల ఇంజనీరింగు విద్యలో ప్రవేశము లభించును. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన గ్రామీణ విద్యార్థులను దృష్టియందుంచుకొనియే 2008లో ఈ విద్య నేర్పాటు చేసిరి.

గ్రామము చేయవలసిన పని

విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో మూడువంతులు తల్లిదండ్రులుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. సంతకము పెట్టి వచ్చుట సభ్యుల పని కాదు. ఈ మాసము ఏ బిడ్డ బడికి రాలేదు, ఏల రాలేదు, 8వ తరగతిలో ఎందరు ఉపకార వేతన పరీక్షకు దరఖాస్తు చేసిరి అని అడుగుట వారి పని. రాని బిడ్డ ఇంటికి ఇద్దరు సభ్యులు పోయి మాట్లాడినచో, సగము సమస్య అచ్చటనే తీరును.

మన గ్రామమునుండి బడికిపోవు బిడ్డలందరు 10వ తరగతివరకు నిలిచిరా అనునదియే గ్రామాభ్యుదయమునకు నిజమైన కొలత. ఈ వారమే పాఠశాలకు పోయి, మీ బిడ్డను గూర్చి ఉపాధ్యాయునితో మాట్లాడుడు.