పేపర్ అచ్చయ్యేలోగా ఎవరు చదివారు?

తూంకుంట నుంచి రోజూ హకీంపేట, అల్వాల్ మీదుగా సైకాలజీ పీజీ క్లాసులకు వెళ్లివచ్చే ఓ అమ్మాయి ఈమధ్య నన్నడిగింది: ‘సార్, ఓ జర్నల్ వాళ్లు ఫీజు కడితే వారంలో పీర్ రివ్యూ చేయించి పేపర్ వేస్తామంటున్నారు. పంపించనా?’

వద్దన్నాను. పీర్ రివ్యూ అంటే ఆ రంగంలోనే పనిచేసే ఇద్దరు ముగ్గురు మన వ్యాసాన్ని అచ్చుకు ముందే చదివి, లోపాలు ఎత్తిచూపడం. వాళ్ల ప్రశ్నలకు జవాబు రాయాలి, మళ్లీ లెక్కలు చూసుకోవాలి. నెలలు పట్టే పని అది. వారంలో వేస్తామన్నారంటే ఎవరూ చదవరని అర్థం.

దీనికి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ చేయిస్తున్నామని నమ్మబలికారని, ఫీజు సంగతి ముందు దాచారని అక్కడి కోర్టు 2019లో తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అలాంటి చోట అచ్చయిన వ్యాసం మన బయోడేటాలో ఉంటే, ఇంటర్వ్యూ బోర్డులో తెలిసినవారికి ఆ ఒక్క లైను చాలు.

ఇప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ వేయాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. మంచి జర్నళ్ల కోసం నడిపిన కేర్ జాబితాను 2025లో ఎత్తేసింది. ఏది మంచిదో ఇక మీరే తేల్చుకోవాలి.

విమర్శకు వెరవని ఒక తెలుగువారి కథ చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగానికి పునాది వేసిన కోనేరు రామకృష్ణారావు అతీంద్రియ శక్తులపై పరిశోధించారు. 1987లో జాన్ పామర్‌తో కలిసి రాసిన వ్యాసాన్ని ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ జర్నల్‌కు ఇచ్చారు. అక్కడి పద్ధతి వేరు: వ్యాసం పక్కనే ఇతర పండితుల విమర్శలూ అచ్చవుతాయి. ఆ వాదాన్ని తోసిపుచ్చిన జేమ్స్ ఆల్కాక్ వ్యాసం కూడా అదే సంచికలో వచ్చింది. రామకృష్ణారావు వాదన నన్ను ఒప్పించలేదు. కానీ తన పనిని ప్రత్యర్థుల ముందే పరిచిన ఆ ధైర్యమంటే నాకు గౌరవం.

రివ్యూ దాటితే చాలదు కూడా. 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక సమష్టి అధ్యయనంలో, పేరున్న జర్నళ్లలో అచ్చయిన 100 సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే అవే ఫలితాలు నిలిచాయి.

ఇదంతా పండితుల గొడవ అనుకోకండి. బోయిన్‌పల్లిలో 1984 నుంచి మేధో వైకల్యంపై పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అలాంటి చోట పిల్లల తెలివితేటలను, సామాజిక ఎదుగుదలను కొలిచే పరీక్షల స్కోరును బట్టే వైకల్య శాతం తేలుతుంది. 40 శాతం ఉంటేనే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలు. ఆ పరీక్ష ప్రమాణాలు మన పిల్లలకు సరిపోకపోతే నష్టపోయేది ఒక కుటుంబం.

ఇక్కడే తెలుగువాళ్లకు పని ఉంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, దాన్ని తిరిగి వేరేవాళ్లతో ఇంగ్లీషులోకి మార్పించి పోల్చాలి. అయినా మాట జారిపోతుంది. శామీర్‌పేట వైపు పెద్దవాళ్లు ‘పానం మంచిగ లేదు’ అంటే జ్వరమా, దిగులా? ఎక్కడో కూర్చున్న రివ్యూయర్ ఈ ప్రశ్న వేయలేడు. మీరు వేయగలరు.

దారులు చెబుతాను. ఉస్మానియాలో సైకాలజీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఉన్నాయి. యూజీసీ నెట్‌లో సైకాలజీ ఒక సబ్జెక్టు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి అయిన ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ కోర్సులు మారుతున్నాయి కాబట్టి చేరే ముందు ఆర్‌సీఐ జాబితా చూడండి. ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరినా, పరీక్షలు తయారుచేసే బృందంలో చేరినా, ఎదుటివారి పనిలో లోపం మర్యాదగా రాసి చెప్పగలవాళ్లకు విలువుంది. ఈ విద్యకు డిగ్రీ లేదు. మీ ప్రొఫెసర్ దగ్గరికి రివ్యూకు వచ్చిన వ్యాసాలపై ఆయన ఎలా రాస్తారో అడిగి తెలుసుకోండి. క్లాసులో ఒకరి సినాప్సిస్ మరొకరు చదివి పేజీ రాయండి.

ఆ అమ్మాయి ఫీజు కట్టలేదు. తన ప్రశ్నావళిని ముందు ఇంట్లో నానమ్మకు చదివి వినిపించిందట. నాలుగో ప్రశ్న దగ్గర పెద్దావిడ ఆపింది: ‘నిరాసక్తత అంటే ఏంది బిడ్డా?’