చీటీ కంప్యూటర్‌దే, మాత్రలు మాత్రం రెండింతలు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తగారికి 62 ఏళ్లు. మొన్నమొన్నటి దాకా గుంట మగ్గం మీద నేశారు. షుగరు, బీపీ ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రిలో నెలనెలా మాత్రలిస్తారు. కిందటి నెల చీరాలలో ప్రైవేటు డాక్టరుకు చూపిస్తే కంప్యూటర్ చీటీ రాసిచ్చారు. రెండు చోట్లవీ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్రలు సరేసరి. ఈమధ్య పొద్దున పదకొండయ్యేసరికి చెమటలు, వణుకు. స్ట్రిప్పుల ఫొటోలు పంపుతున్నాను. కంప్యూటర్‌లో రాసిన మందుల్లోనూ తప్పులుంటాయా?
– ఒక పాఠకురాలు, ఈపురుపాలెం

జవాబు: ముందు అత్తగారి సంగతి చూద్దామమ్మా. ఆ చెమటలు, వణుకు షుగరు పడిపోవడం వల్ల కావచ్చు. మళ్లీ వస్తే మీటరుతో చూడండి. 70 కన్నా తగ్గినా, ఇంట్లో మీటరు లేకపోయినా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

కారణం మీ ఫొటోల్లోనే ఉంది. ప్రభుత్వాసుపత్రి స్ట్రిప్పు మీద షుగరు మందు గ్లిమెపిరైడ్ పేరు ఉంది. ప్రైవేటు స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు కొట్టొచ్చినట్టుంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. పేర్లు రెండు, మందు ఒకటే! ఇవాళే డాక్టరును కలవండి. ఈ మందుతో పడిన షుగరు ఒకసారి కోలుకున్నా మళ్లీ పడొచ్చు. ఏది ఆపాలో ఆయనే చెప్పాలి. మీరుగా బీపీ మాత్ర మాత్రం మానిపించకండి.

ఇక మూడోది షాపులో కత్తెరతో కోసిచ్చిన ముక్క. పేరు సగం తెగి ‘క్లోఫెనాక్’ మిగిలింది. డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో! ఏదైనా బీపీని పెంచేదే. ఆమె వాడే బీపీ మందు టెల్మిసార్టాన్‌తో కలిస్తే, ఈ వయసులో, కిడ్నీలకు ముప్పు. క్రియాటినిన్ పరీక్ష చేయించి, నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందేమో అడగండి.

కంప్యూటర్ మాటకొస్తే, దానివల్ల మేలు గట్టిదే. అమెరికాలో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో డాక్టర్లు మందులు కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టాక తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయని డేవిడ్ బేట్స్ బృందం 1998లో తేల్చింది. చేతిరాతకు అర్థాలు వెతికే బాధ తప్పుతుంది. మందు అసలు పేరు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని అప్పటి భారత వైద్య మండలి 2016లోనే చెప్పింది. ఎంతమంది రాస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే 2005లో రాస్ కోపెల్ బృందం అమెరికాలోని మరో ఆసుపత్రిలో పరిశీలించి, కంప్యూటర్ వల్లే వచ్చే 22 రకాల పొరపాట్లను చూపింది. హెచ్చరికలు మరీ ఎక్కువైతే డాక్టర్లు చదవకుండానే నొక్కేసి ముందుకెళ్లడం ఇంకో బెడద.

మీ ఇంట్లో జరిగింది వేరు. చీరాల కంప్యూటర్‌కు ప్రభుత్వాసుపత్రి మాత్రల సంగతి ఎవరూ చెప్పలేదు. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకుని రెండు చోట్లా రికార్డులు దానికి జతచేయిస్తే కొంత నయం. షాపులో కొన్న నొప్పి మాత్ర అందులోకీ ఎక్కదు. కాబట్టి డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు నాటు మందులతో సహా ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. షాపులో అసలు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కే అడగండి.

మందు వికటిస్తే మామూలు జనం కూడా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కేంద్రానికి ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్ నంబరు 1800-180-3024, ఖర్చు లేదు.