గుండెపోటు తర్వాత యోగా: ఏం చేస్తుంది, ఏం చేయదు

గుండెపోటు వచ్చినవారికి స్టెంట్ వేసి, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపిస్తారు. చేతిలో మందుల చీటీ ఉంటుంది. మళ్లీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలో అందులో రాసి ఉంటుంది. ఆ మధ్య రోజుల్లో ఎలా గడపాలో మాత్రం సాధారణంగా ఉండదు. మెట్లు ఎక్కవచ్చా? నీళ్ల బకెట్ ఎత్తవచ్చా? బండి నడపవచ్చా? ఛాతీలో చురుక్కుమంటే అది గ్యాసా, మళ్లీ గుండెపోటా? అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు మరికొన్ని ఉంటాయి. దాంపత్య జీవితం గురించి డాక్టరును నేరుగా అడిగేవారు ఎంతమంది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, రోగిని మెల్లమెల్లగా మామూలు జీవితంలోకి తీసుకొచ్చే వైద్య విధానాన్నే కార్డియాక్ రిహాబిలిటేషన్, అంటే హృద్రోగ పునరావాసం అంటారు.

ఈ విధానం వయసు పెద్దదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గుండెపోటుకు ప్రధాన చికిత్స మంచం మీద కదలకుండా పడుకోబెట్టడమే. వారాల తరబడి రోగి తన అన్నం తాను తినడానికి కూడా ఒప్పుకునేవారు కాదు. దెబ్బతిన్న గుండె కండరం మచ్చకట్టి గట్టిపడే వరకు దానికి ఏ శ్రమా కలగకూడదన్నది అప్పటి తర్కం. వినడానికి సబబుగానే ఉన్నా, అలా పడుకున్నవారి కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టేది, ఒళ్లు పట్టు తప్పేది, మనసు కుంగిపోయేది. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగులను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టిన తమ అనుభవాన్ని ప్రచురించారు. కుర్చీలో కూర్చోవడం ఆనాటికి సాహసమే! 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనను చూసిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్ నడకను, తిరిగి పనిలో చేరడాన్ని గట్టిగా సమర్థించేవారు. ఐసెన్‌హోవర్ మరుసటి ఏడాది ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. గుండెపోటుతో జీవితం ముగిసినట్టే అనుకునే జనానికి అదొక పెద్ద పాఠమైంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో పర్యవేక్షణలో చేసే వ్యాయామం, ఆహార సలహా, పొగ మానిపించడం, మానసిక ధైర్యం కలిపి ఒక పద్ధతిగా రూపొందాయి. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారిలో గుండెజబ్బు మరణాలు, మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి.

మన దగ్గర చిక్కు ఎక్కడంటే, ఇందుకు ట్రెడ్‌మిల్, ఈసీజీ మానిటర్, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, ఆహార నిపుణులు, అన్నిటికీ మించి రోగి వారానికి రెండు మూడుసార్లు వచ్చిపోగలిగే దూరంలో కేంద్రం ఉండాలి. స్టెంట్ వేసే ఆసుపత్రులు జిల్లా పట్టణాల దాకా వచ్చాయి కానీ, పునరావాస కేంద్రాలు ఆ వేగంతో రాలేదు. మరి చాప ఒక్కటే సామగ్రిగా, జనానికి ముందే పరిచయమున్న యోగాతో ఆ లోటు తీర్చవచ్చా? భారత పరిశోధకులు ఈ ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున పరీక్షించారు.

యోగా-కేర్ పరీక్ష

ఆ అధ్యయనం పేరు యోగా-కేర్. భారత ప్రజారోగ్య సంస్థకు చెందిన డాక్టర్ దొరైరాజ్ ప్రభాకరన్, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన డాక్టర్ సంజయ్ కిన్రా దీనికి నాయకత్వం వహించారు. భారత వైద్య పరిశోధన మండలి, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిధులిచ్చాయి. 2014 నుంచి 2018 వరకు దేశంలోని 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులను ఇందులో చేర్చుకున్నారు. వారి సగటు వయసు 53 ఏళ్లు దాటింది, ఎక్కువమంది మగవారే.

ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఇది ముఖ్యమైన సంగతి. యోగా ఇష్టపడేవారు యోగా జట్టులోకి, ఇష్టం లేనివారు రెండో జట్టులోకి వెళ్లి ఉంటే, చివర్లో కనబడే తేడా యోగా వల్ల వచ్చిందో, ఆ మనుషుల తీరు వల్ల వచ్చిందో తేల్చలేం. ఒక జట్టుకు మూడు నెలల్లో 13 తరగతులు పెట్టారు. గుండెపోటు రోగులకు సరిపడే ఆసనాలు, శ్వాస అభ్యాసాలు, ధ్యానం, విశ్రాంతి, జీవనశైలి గురించిన చర్చ వాటిలో ఉన్నాయి. మొదట విడిగా నేర్పి, తర్వాత బృందంగా చేయించారు. రెండో జట్టుకు మామూలు వైద్యంతోపాటు మూడు దఫాలుగా ఆరోగ్య సలహాలిచ్చారు. మందులు ఇద్దరికీ ఉన్నాయి, ఎవరికీ ఆపలేదు.

రెండు విషయాలను ప్రధానంగా కొలిచారు. ఒకటి: మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండె సమస్యతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఎంతమందికి జరిగింది? రెండు: మూడు నెలలకు రోగి తన ఆరోగ్యానికి నూటికి ఎన్ని మార్కులు వేసుకున్నాడు?

సగటున రెండేళ్లకు కాస్త తక్కువ కాలం గమనించాక వచ్చిన ఫలితం ఇది. యోగా జట్టులో 131 మందికి, అంటే 6.7 శాతానికి, రెండో జట్టులో 146 మందికి, అంటే 7.4 శాతానికి పై ఘటనల్లో ఏదో ఒకటి జరిగింది. చూడగానే యోగా గెలిచిందనిపిస్తుంది. కానీ ఇంత చిన్న తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. గణాంక పరిభాషలో చెప్పాలంటే ముప్పు నిష్పత్తి 0.90, దాని హద్దులు 0.71 నుంచి 1.15 వరకు. అంటే అసలు నిజం ముప్పు 29 శాతం తగ్గడం నుంచి 15 శాతం పెరగడం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి యోగా మళ్లీ గుండెపోటు రాకుండా ఆపుతుందని ఈ అధ్యయనం నిరూపించలేదు. ఆపదని కూడా నిరూపించలేదు. అనుకున్నదానికంటే ఘటనలు తక్కువ జరగడంతో తేల్చిచెప్పే బలం తమ పరీక్షకు లేకపోయిందని పరిశోధకులే రాశారు.

ఆ బలం ఎంత కావాలో వేలి లెక్క వేయవచ్చు. ముప్పు నిజంగానే 10 శాతం తగ్గుతోందనుకుందాం. దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే, మామూలుగా వాడే సూత్రం ప్రకారం సుమారు 2,800 ఘటనలు నమోదు కావాలి. యోగా-కేర్‌లో రెండు జట్లలో కలిపి జరిగినవి 277. అంటే పదింతలు కావాలి. వందలో ఏడుగురికి ఘటన జరిగే జనంలో అందుకు 40 వేలమందిని చేర్చుకోవాలి. చాపలు పరచడం చవకే కానీ, ఇలాంటి పరీక్ష చవక కాదు.

రెండో కొలమానంలో ఫలితం స్పష్టంగా ఉంది. యోగా జట్టు తమ ఆరోగ్యానికి సగటున 77 మార్కులు వేసుకుంటే, రెండో జట్టు 75.7 వేసుకుంది. మొదట ఉన్న తేడాలను సరిచేస్తే ఒకటిన్నర మార్కుల మెరుగుదల. ఇది యాదృచ్ఛికం కాదు, కానీ పెద్దదీ కాదు. నా దృష్టిలో ఇంతకంటే విలువైనది మరొకటి ఉంది: గుండెపోటుకు ముందు చేసుకునే పనులకు తిరిగి వెళ్లగలగడంలో యోగా జట్టు ముందుంది. దుకాణం తెరవడం, పొలానికి వెళ్లడం, బస్సెక్కి కూతురింటికి వెళ్లడం రోగికి శాతాలకంటే పెద్ద సంగతులు. పొగ మానడంలో, మందులు సక్రమంగా వేసుకోవడంలో మాత్రం రెండు జట్ల మధ్య తేడా లేదు.

తరగతులకు క్రమం తప్పకుండా వచ్చినవారిలో ప్రమాదాలు బాగా తగ్గాయి కదా అని కొందరు వాదిస్తారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే పాత పరీక్ష జరిగింది. దాని ఫలితాల్లో ఒక వింత 1980లో బయటపడింది. మందు లేని ఉత్తుత్తి మాత్రలనే క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో అయిదేళ్లలో 15 శాతం మంది చనిపోతే, వాటిని సరిగా వేసుకోనివారిలో 28 శాతం మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్రకు ప్రాణం నిలబెట్టే శక్తి ఎక్కడిది? క్రమశిక్షణ ఉన్న మనిషి తిండి, మందులు, నిద్ర అన్నీ చూసుకుంటాడు. ఒంట్లో ఓపిక ఉన్నవాడే తరగతికి రాగలుగుతాడు. యోగా తరగతుల హాజరుపట్టీకీ ఇదే వర్తిస్తుంది.

శ్వాస నెమ్మదిస్తే ఏమవుతుంది

మెడ దగ్గరి రక్తనాళాల్లోనూ, బృహద్ధమనిలోనూ రక్తపోటును కనిపెట్టే నాడీ కొనలుంటాయి. పోటు పెరిగితే గుండె వేగాన్ని తగ్గించమని, తగ్గితే పెంచమని ఇవి మెదడుకు కబురు పంపుతాయి. గుండెపోటు తర్వాత ఈ ఏర్పాటు మందగిస్తుంది. శరీరం ఎప్పుడూ పరుగుకు సిద్ధంగా ఉన్నట్టు ఉద్రిక్తంగా ఉంటుంది. రక్తపోటులో సుమారు పది సెకన్లకు ఒకసారి వచ్చే సహజమైన అల ఒకటుంది. మనం నిమిషానికి 15 సార్లు కాకుండా ఆరుసార్లు ఊపిరి తీస్తే, ఆ శ్వాస లయ ఈ అలతో కలిసిపోయి, కనిపెట్టే ఏర్పాటు చురుకవుతుంది. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మేరీ మాత ప్రార్థననూ, ఒక యోగ మంత్రాన్నీ వల్లింపజేసి కొలిచింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. గుండె లయ మీద ప్రభావమూ ఒకేలా ఉంది. భాష ఏదైనా, ఊపిరి నెమ్మదించడమే అసలు పని అన్నమాట.

అయితే ఇది గుండెకు నడక ఇచ్చే లాభాన్ని ఇవ్వదు. మామూలు ఆసనాల్లో శరీరం ఖర్చుపెట్టే శక్తి చురుకైన నడక కంటే తక్కువే. అందుకే నడకకు బదులుగా కాకుండా, నడకతోపాటు యోగా చేయడం తెలివైన పని. పూర్వపు పరీక్షల్లోనూ యోగా ఒంటరిగా లేదు. డీన్ ఆర్నిష్ 1990లో అమెరికాలో 48 మందితో, ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ మన్‌చందా బృందం 2000లో 42 మంది పురుషులతో గుండె రక్తనాళాల్లోని అడ్డంకులపై ప్రచురించిన అధ్యయనాల్లో యోగాతోపాటు ఆహార నియమాలు, ఇతర మార్పులు కలిసే ఉన్నాయి. మంచి ఫలితాలే వచ్చాయి. అందులో యోగా వాటా ఎంతో విడదీయలేం.

చేసేముందు తెలుసుకోవలసినవి

మొదట కార్డియాలజిస్టు అనుమతి కావాలి. గుండె ఎంత బలంగా రక్తాన్ని నెడుతోందో ఎకో పరీక్షలో చూసి, ఎప్పుడు మొదలుపెట్టాలో వారే చెబుతారు. బైపాస్ అయినవారికి ఛాతీ ఎముకను కోసి మళ్లీ తీగతో కట్టి ఉంటారు. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు చేతుల మీద బరువు మోపే ఆసనాలు, రెండు చేతులూ బలంగా వెనక్కి లాగేవి వద్దు.

ఊపిరి బిగబట్టడం మరో ప్రమాదం. కుంభకంలోనూ, బిగపట్టి బరువెత్తినప్పుడూ ఛాతీలో ఒత్తిడి పెరిగి రక్తపోటు ఒక్కసారి ఎగసి పడుతుంది. కపాలభాతి, భస్త్రిక వంటి వేగమైన శ్వాసలు, శీర్షాసనం, సర్వాంగాసనం వంటి తలకిందుల ఆసనాలు ఈ దశలో పనికిరావు. టీవీలోనో ఫోన్‌లోనో చూసి ఆరోగ్యవంతుల కోసం పెట్టిన తరగతిని అనుసరించడం అందుకే ప్రమాదకరం. కుర్చీలో కూర్చుని చేతులు, భుజాలు, మడమలు కదిలించడం, నిదానంగా ఊపిరి తీసి వదలడం, శవాసనం: మొదటి వారాలకు ఇంతే చాలు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేవారు దిండ్లు పెట్టుకోవాలి, లేదా కుర్చీలోనే విశ్రాంతి తీసుకోవాలి. శవాసనం నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. బీపీ మందులు వాడేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారు నాడి చూసి శ్రమను అంచనా వేయలేరు. ఎంత కష్టపడ్డా నాడి పెద్దగా పెరగదు. పక్కవారితో మామూలుగా మాట్లాడగలిగితే శ్రమ సరిపోయినట్టు, మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు.

మందుల మాట మరోసారి. స్టెంట్ వేసినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను తమంతట తాము ఆపితే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడవచ్చు, అది ప్రాణాంతకం. యోగాతో బీపీ తగ్గిందనిపిస్తే ఆ రీడింగులు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి, మోతాదు వారే మారుస్తారు. అభ్యాసంలో ఉండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, గుండె దడ కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకోమని డాక్టరు మాత్ర ఇచ్చి ఉంటే పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరవద్దు.