మింగిందా, చీల్చిందా?

రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే వెలుగు వస్తుంది. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు అందాక, సుమారు 11 గంటలకే చిలీలోని స్వోప్ టెలిస్కోపు ఆ వెలుగును పట్టింది. బంగారంలాంటి బరువైన మూలకాలు అలాంటిచోట పుడతాయని దాన్నిబట్టే తెలిసింది.

మరి న్యూట్రాన్ నక్షత్రం కృష్ణబిలంతో కలిస్తే? 2020 జనవరిలో అలాంటివి రెండు దొరికాయి. ఎంత వెతికినా వెలుగు కనబడలేదు. నాకు ఆసక్తి కలిగించింది ఇదే.

కృష్ణబిలం బాగా పెద్దదైతే నక్షత్రాన్ని చీల్చకుండానే గుటుక్కున మింగేస్తుంది. చిన్నదై, గిర్రున తిరుగుతుంటే మింగేలోపే చీల్చేస్తుంది. బయటపడ్డ పదార్థం వెలుగుతుంది. దూరం ఎక్కువ కాబట్టి, మసక వెలుగు మన కళ్లబడకుండా పోయి ఉండొచ్చు కూడా.

అందుకే వెతుకులాట ఆగలేదు. లడఖ్‌లోని హాన్లేలో మన 70 సెంటీమీటర్ల టెలిస్కోపూ ఇందులో ఉంది. ఆ వెలుగు దొరికితే, మన కమ్మల్లోని బంగారంలో కృష్ణబిలాల వాటా ఎంతో లెక్కకట్టే దారి దొరుకుతుంది.